నూజివీడు ట్రిపుల్ ఐటీ: ఆరేళ్లు చదివి వచ్చాక నా రివ్యూ

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలు, మా ఊరివాళ్లు ఒకటే అడుగుతున్నారు, ట్రిపుల్ ఐటీలో సీటొస్తే పంపొచ్చా, లేక విజయవాడలో ఇంటర్‌లో వేయడమే మేలా అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నాది 2013 బ్యాచ్.

తెలియనివాళ్ల కోసం కొంచెం. ఈ ట్రిపుల్ ఐటీలని ఉమ్మడి రాష్ట్రంలో 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో మొదలుపెట్టారు, పల్లెటూరి పిల్లల కోసమే. విభజన తర్వాత బాసర తెలంగాణకి వెళ్లింది, ఏపీలో ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. ఎంట్రన్స్ ఉండదు, పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్ లాంటిది, తర్వాత నాలుగేళ్లు బీటెక్. మా అప్పుడు గవర్నమెంటు స్కూల్లో చదివినవాళ్ల జీపీఏకి (పదికి వేసే గ్రేడు పాయింట్లకి) 0.4 కలిపేవారు, అంటే జెడ్పీ హైస్కూల్లో 9.6 తెచ్చుకున్న అమ్మాయి ప్రైవేటు స్కూల్లో 10 వచ్చిన అబ్బాయితో సమానం. దీని మీద అప్పుడూ ఇప్పుడూ గొణిగేవాళ్లున్నారు. నా మటుకు నాకు ఈ కాలేజీలో అన్నిటికన్నా మంచి విషయం ఆ 0.4.

ఎందుకో మా రూమ్ సంగతి చెబితే అర్థమవుతుంది. నాది చీరాల పక్కన ఊరు, మాది మగ్గం ఇల్లు. ఒకడిది కాకినాడ దగ్గర వేటకి వెళ్లే కుటుంబం, ఇంకొకడు సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర కుర్రాడు. వాడికి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. పీ1లో, అంటే పీయూసీ మొదటి ఏడు, ఫిజిక్స్ క్లాసు మొత్తం ఇంగ్లీషులో జరుగుతుంటే మాలో సగం మందికి తల తిరిగేది. వాడు మాత్రం రాత్రి కూర్చుని టెక్స్ట్‌బుక్‌లో ప్రతి లైను పైన పెన్సిల్‌తో అర్థాలు రాసుకునేవాడు, వెలాసిటీ పైన వేగం, ఫోర్స్ పైన బలం, కొన్నిటి పైన సవర మాటలు. పేజీ అంతా నల్లబడిపోయేది. తర్వాత మేమంతా ఆ పుస్తకమే అడిగి తీసుకుని చదివాం. పీ2 చివరికొచ్చేసరికి పెన్సిల్ రాత బాగా తగ్గిపోయింది. ఈ3లో, అంటే బీటెక్ మూడో ఏడు, మినీ ప్రాజెక్టు మొత్తం ఇంగ్లీషులో చెప్పింది వాడే, మా టీమ్ తరఫున. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా సెక్షన్‌లో ఆడపిల్లలే ఎక్కువ. ప్రభుత్వ కాలేజీ, హాస్టల్ లోపలే అనేసరికి ఇంట్లోవాళ్లు ధైర్యం చేసి పంపారు, లేకపోతే తమకి ఇంటర్ అవగానే పెళ్లి చేసేసేవాళ్లని ఇద్దరు ముగ్గురు నాతోనే అన్నారు.

అందుకే కాలేజీ ఎలాంటిదో చూడటానికి హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత అని అడగడం నాకు అస్సలు నచ్చదు. ఫ్లెక్సీ మీద ఒకరి ఫొటో ఉంటుంది, మిగతా క్లాసంతా ఏమైందో దాని మీద ఉండదు. వచ్చిన రోజు పిల్లలు ఎక్కడున్నారు, వెళ్లే రోజు ఎక్కడున్నారు, ఈ రెండూ అడగండి. మా రూమ్‌లో ఒకడు గేట్ రాసి ఎంటెక్ చేశాడు, ఒకడు సచివాలయంలో ఉన్నాడు, ఇద్దరం సాఫ్ట్‌వేర్. నలుగురి ఇళ్లలోనూ మేమే మొదటి ఇంజనీర్లం.

అందరికీ సరిపడదు కూడా. ఐఐటీయే కావాలి, జేఈఈ కోచింగ్ కావాలి అనుకునేవాళ్లకి ఇది దారి కాదు. పీయూసీ ఇంటర్‌తో సమానమే కాబట్టి రెండేళ్ల తర్వాత బయటికి రావచ్చు, కానీ అదే ప్లాన్‌తో వెళ్లడం దండగ, ఎందుకంటే ఇంగ్లీషు భయం పోయి చదువు మన చేతికొచ్చేది ఆ తర్వాతే. పదిహేనేళ్లకే ఇల్లు వదలడం కూడా తేలిక కాదు.

పంపేవాళ్లకి ఒక్క మాట. మొదటి దసరా సెలవులకి ఇంటికొచ్చి, ఏమీ అర్థం కావట్లేదు, మళ్లీ వెళ్లనని ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. మా నాన్న ఏమీ అనకుండా బస్సెక్కించి, నూజివీడు దాకా తోడొచ్చి గేటు దగ్గర దింపి వెళ్లారు. మీరూ దింపి రండి.