మావయ్య మెడల్ కోసం వెల్లింగ్టన్ దాకా: ఏది పనికొచ్చింది, ఏది దండగ

మాజీ సైనికుడి రికార్డులో తప్పు దిద్దించడానికి అందరూ రైలెక్కక్కర్లేదు. చాలా పనులు పోస్టులోనే అయిపోతాయి. మావయ్యకి మాత్రం రెండు చిక్కులు ఒకేసారి వచ్చిపడ్డాయి, పైగా కాళ్ళు ఆడుతుండగానే ఒకసారి నీలగిరుల్లో, కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లో ఉన్న తన రెజిమెంటల్ సెంటర్ (రికార్డ్ ఆఫీసు కూడా అక్కడే) చూసి రావాలని చాలా ఏళ్ళుగా గొణుగుతున్నాడు. ఊరికే వెళ్తానంటే అత్తయ్య ఒప్పుకోదు, ఆఫీసు పని అంటే కాదనదు. అలా బయల్దేరాం.

మొదటి చిక్కు అత్తయ్య పేరు. సర్వీసు నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్‌లో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే మిలిటరీ కాగితాల్లో అసలు ఇంటిపేరే లేదు. ఇది మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సగం మందికి ఉన్న జబ్బే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆవిడ తిరగాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క అక్షరమే కొండైపోతుంది. సైనిక పెన్షన్లు ఇప్పుడు స్పర్ష్ అనే ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్‌లోకి వచ్చాయి కాబట్టి పాత కాగితాల్లో నిద్రపోయిన తప్పులన్నీ కంప్యూటర్ తెర మీదికి వచ్చి కూర్చున్నాయి.

రెండోది మెడల్. మావయ్య మద్రాస్ రెజిమెంట్, 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు పశ్చిమాన షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నాడు. సంగ్రామ్ మెడల్ వచ్చింది, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ వచ్చింది. రానిది పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్న చాలామందికి ఇచ్చారు, స్టార్ మాత్రం యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకే, తూర్పున ఉంటే పూర్వీ స్టార్, పడమట ఉంటే పశ్చిమీ స్టార్. అంటే ఆయన దగ్గర లేనిదే అసలైనది. ఆగస్టు 15కి మండలాఫీసులో మాజీ సైనికుల్ని పిలిచి కూర్చోబెడతారు చూడండి, అక్కడ ఎవరి రొమ్ము మీద ఏముందో అందరూ లెక్కపెడతారు. బయటికి అనడు గానీ ఆ బాధ ఆయనకి ఉంది.

వెళ్ళేముందు చేసిన పనుల్లో బాగా పనికొచ్చింది సమాచార హక్కు (ఆర్‌టీఐ) దరఖాస్తు. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, ఆయన ఆర్మీ నంబరు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ రాసి, నా సర్వీసు రికార్డులో ఏయే మెడల్స్‌కి అర్హత నమోదయి ఉందో చెప్పండి, ఆ పేజీల నకళ్ళు ఇవ్వండి అని అడిగాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాకే టికెట్లు తీశాను. ఎందుకంటే "మెడల్ రాలేదు" అనేదాంట్లో రెండు సంగతులున్నాయి. అర్హతే రికార్డులో ఎక్కకపోవడం ఒకటి, అర్హత ఎక్కి కూడా వస్తువు చేతికి రాకపోవడం ఇంకొకటి. మొదటిదైతే యుద్ధంలో ఆ చోట ఉన్నట్టు ఆధారాలు వెతకాలి, అది పెద్ద పని. మావయ్యది రెండోది. నకలులో పశ్చిమీ స్టార్ పేరు, దాని పక్కన పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పులు ఎక్కించే ఉత్తర్వు) నంబరు చక్కగా ఉన్నాయి, తేదీ మాత్రం యుద్ధం అయిన కొన్నేళ్ళకి. అప్పటికి మావయ్య పటాలం వదిలి ఇంకో చోట డ్యూటీలో ఉన్నాడు. మెడల్ పాత అడ్రస్‌కి వెళ్ళి ఉంటుందని మా ఊహ.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా ముందే వెళ్ళండి. పెన్షన్ పనులకి తప్ప అక్కడికి ఎవరూ వెళ్ళరు గానీ, దరఖాస్తు ఏ తీరులో రాయాలో, ఏమేం జతచేయాలో చెప్పేది వాళ్ళే. మా కాగితాలు రాసిపెట్టింది ఒక రిటైర్డ్ హవల్దార్, టీ కూడా తాగలేదు.

ఇక ప్రయాణం. విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కోయంబత్తూరు. అక్కడి నుంచి మెట్టుపాళయం, తర్వాత కొండ. బొమ్మ రైలు ఎక్కాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నా మాట వినండి, పని మీద వెళ్ళేటప్పుడు వద్దు, తిరుగు ప్రయాణంలో ఎక్కండి. మెట్టుపాళయంలో పొద్దున్న 7:10కి బయల్దేరే ఆ రైలు 46 కిలోమీటర్ల దూరానికి దాదాపు అయిదు గంటలు తీసుకుంటుంది, కూనూరు చేరేసరికే పదిన్నర, ఆఫీసులో సగం పూట పోయినట్టే. టికెట్లు చాలా ముందుగా అయిపోతాయి. వానాకాలంలో కొండచరియలు పడితే మొత్తానికి రద్దు చేస్తారు. రైలు మాత్రం అద్భుతం, అందులో సందేహం లేదు. పట్టాల మధ్య పళ్ళ కమ్మీ, ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి తోస్తుంది. 1899లో కూనూరు దాకా వేశారు, 1908లో ఊటీ దాకా పొడిగించారు, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దిగేటప్పుడు ఎక్కితే పని అయిన తృప్తితో కిటికీ పక్కన కూర్చోవచ్చు.

వెళ్ళేటప్పుడు మేము బస్సెక్కాం. చవక, ఎప్పుడూ దొరుకుతుంది. 14 హెయిర్‌పిన్ మలుపులు, డ్రైవర్లకి అవి అరచేతి గీతలే గానీ డెబ్బై దాటిన వాళ్ళకి కడుపులో తిప్పుతుంది, ముందు సీట్లలో కూర్చోబెట్టండి. సొంత కారులో వెళ్ళేవాళ్ళు ఈపాస్ తీసుకోవాలి, 2024 మే నుంచి మద్రాస్ హైకోర్టు ఆదేశంతో పెట్టారు, ఆన్‌లైన్‌లో వస్తుంది. నీళ్ళ ప్లాస్టిక్ బాటిళ్ళు జిల్లాలో నిషేధం, చెక్‌పోస్టులో తీసేసుకుంటారు, స్టీలు సీసా పట్టుకెళ్ళండి.

బస విషయంలో ఊటీకి పోకండి. అందరూ ఊటీ అంటారు, కానీ వెల్లింగ్టన్ కూనూరుని ఆనుకునే ఉంటుంది, ఊటీ అక్కడి నుంచి ఇంకో గంట ప్రయాణం. మేము మొదటి రాత్రి కూనూరు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం, పేరు చెప్పను. 1,400 రూపాయలు తీసుకుని వేడినీళ్ళు పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది దాకానే అన్నాడు, ఆ గంట కూడా గోరువెచ్చగానే వచ్చాయి. దుప్పటి ఇంకోటి అడిగితే దానికి వేరే బిల్లు. 1800 మీటర్ల ఎత్తున, డిసెంబర్ చలిలో, డెబ్బై దాటిన మనిషికి దుప్పటి బిల్లు! మర్నాడు కాస్త పైన, ఒక కుటుంబం అద్దెకిచ్చే గదికి మారిపోయాం. రెండొందలు ఎక్కువైనా గీజరు ఉంది, ఇంటావిడ రాత్రి మిరియాల రసం పెట్టింది. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులుంటే ముందే కనుక్కోండి, కొండ ఊళ్ళో "దగ్గరే" అంటే దగ్గరే గానీ నిలువుగా దగ్గర.

రెజిమెంటల్ సెంటర్ గేటు దగ్గర మాజీ సైనికుల గుర్తింపు కార్డు చూపిస్తే పాస్ రాసిచ్చారు, ఫోన్లు అక్కడే పెట్టించారు. నంబర్లు, ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకుని వెళ్తే ఇబ్బంది పడతారు, అన్నీ కాగితం మీద ఉండాలి. ఫోన్ చేసి వెళ్ళాం కాబట్టి ఎవరిని అడగాలో తెలుసు.

రికార్డ్ ఆఫీసులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడు "నంబర్ బోలియే సాబ్" అన్నాడు. మావయ్యకి నిన్న తిన్నది గుర్తుండదు గానీ, చేతికర్ర గోడకి ఆనించి, నిటారుగా నిలబడి, నంబరు, ర్యాంకు, పేరు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. కుర్రాడు కూడా లేచి నిలబడ్డాడు. తర్వాత ఇద్దరి మాటలూ హిందీ నుంచి తెలుగులోకి జారాయి, శ్రీకాకుళం వాడట. "ఎక్కడ తెగిందండీ మీ లింకు?" అంటూ డిశ్చార్జ్ బుక్ తీసుకుని మెడల్స్ పేజీ తెరిచాడు. సెలోటేపు వేసి వేసి ఆ పేజీ పసుపు రంగులోకి తిరిగింది. ఒకే సిరాతో రెండు మెడల్స్ పేర్లు, కింద ఒక ఖాళీ వరస, దాని కింద ఎవరిదో సంతకం. మా దగ్గరున్న నకలులోని ఆర్డర్ నంబరు మీద వేలు పెట్టి, లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు. "ఎంట్రీ ఉంది తాతగారూ, ఇష్యూ అయినట్టు మీ సంతకం లేదు. అదే మనకి బలం."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. తీసుకున్నట్టు సంతకం ఉండి తర్వాత పోగొట్టుకుంటే అది వేరే దారి, అసలు తీసుకోనే లేదంటే ఇంకో దారి. రెండూ కలిపి ఒకే దరఖాస్తులో రాయొద్దు.

అత్తయ్య పేరుకి అఫిడవిట్, ఇద్దరి ఆధార్ నకళ్ళు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నకలు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో తీసుకున్నారు. దీనికి పార్ట్ టూ ఆర్డర్ వేస్తారు, దాని మీద పీపీఓకి సవరణ వస్తుంది, అది స్పర్ష్‌లో కనపడాలి. ఆర్డర్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు, స్పర్ష్‌లో పేరు మారిందో లేదో చూసుకునేదాకా పని అవ్వనట్టే. నిజం చెప్పాలంటే ఈ పని ఒక్కటే అయితే మేము రావాల్సిన అవసరమే లేదు, పోస్టులో పంపితే సరిపోయేది.

మా పక్కన కూర్చున్న నెల్లూరు సుబేదార్ గారిది మాత్రం పాపం ఎటూ కాని కేసు. డిశ్చార్జ్ బుక్‌లో పుట్టిన సంవత్సరం కంటే ఆధార్‌లో రెండేళ్ళు పెద్ద. 80 నిండితే పెన్షన్ 20 శాతం పెరుగుతుంది కాబట్టి ఆధార్ ప్రకారం మార్చమని వచ్చాడు. చేరినప్పుడు రాసిన పుట్టిన తేదీ ఇన్నేళ్ళ తర్వాత మార్చరు. ఆధార్‌నే డిశ్చార్జ్ బుక్‌కి తగ్గట్టు మార్పించుకోమని చెప్పి పంపారు. ఈ సంగతి ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయేది, ఆయన రెండు రైళ్ళు మారి వచ్చాడు. ఊళ్ళో ఎవరో "కన్సల్టెంట్" ఎనిమిది వేలు తీసుకుని ఫారాలు నింపి పంపాడట. ఇలాంటి సవరణ ఫారాలకి ఫీజు లేదు, ఎవరికీ ఇవ్వకండి.

పని అయ్యాక మావయ్యని యుద్ధ స్మారకం దగ్గరికి తీసుకెళ్ళాను. శ్రీనాగేశ్ బారక్స్ చూపించి, "మా రోజుల్లో ఇక్కడే అల్లుడూ, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం" అన్నాడు. ఆ బారక్స్‌కి పేరున్న జనరల్ శ్రీనాగేశ్ తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా చేశారని చెబితే నమ్మలేదు, వెళ్ళి శ్రీకాకుళం కుర్రాడిని అడిగొచ్చాడు. పక్కనే సిమ్స్ పార్క్ ఉంది, ఒక గంట చాలు. టీ ఫ్యాక్టరీ టూర్లు, ఊటీ బోటింగ్ మేము చూడలేదు, బాధేమీ లేదు.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటే, పేరు స్పర్ష్‌లో మారింది. మెడల్ కోసం రికార్డ్ ఆఫీసు అర్హత ధృవీకరించి ఢిల్లీకి రాసింది, నకలు మాకు పంపింది. మన మెడల్స్ అంచు మీద నంబరు, పేరు చెక్కుతారు కాబట్టి బజారులో దొరికేది దీనికి బదులు కాదు. కంటోన్మెంట్ దుకాణాల్లో నకళ్ళు కొనుక్కోవచ్చు, ఫంక్షన్లకి పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. నేను కొంటానంటే మావయ్య వద్దన్నాడు, "నా నంబరు లేంది నాకెందుకురా".

ఇక మీరు వెళ్ళాలా వద్దా అనేది ఎవరి రికార్డ్ ఆఫీసు ఎక్కడుందో దాన్నిబట్టి చూసుకోండి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్), ఆర్డినెన్స్ కోర్ వాళ్ళది సికింద్రాబాద్‌లోనే, ఒక్క పూటలో చూసుకుని రావచ్చు, వాళ్ళు ఆలోచించక్కర్లేదు. ఆర్టిలరీ నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్ జబల్‌పూర్, మెడికల్ కోర్ లక్నో, ఎయిర్‌ఫోర్స్ ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ సెయిలర్లది ముంబై మాన్‌ఖుర్ద్. వీటికి ముందు ఆర్‌టీఐ, తర్వాత పోస్టు, రెండూ పనిచేయకపోతేనే ప్రయాణం. పెన్షన్ లేకుండా మధ్యలో వచ్చేసిన వాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ (పేర్ల పట్టిక) రిజిస్టర్‌లో ఎంట్రీ మాత్రమే ఉంటుంది, వాళ్ళు టికెట్ తీసేముందు ఏం మిగిలి ఉందో ఆర్‌టీఐలో తప్పకుండా అడగాలి. అన్ని చోట్లా తిరస్కరిస్తే మన రెండు రాష్ట్రాలకీ సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఉంది, కానీ దానికి వకీలు, వాయిదాలు, ఆ కథే వేరు. వెళ్ళేవాళ్ళు మాత్రం శుక్రవారం చేరేలా పెట్టుకోవద్దు, ఒక కాగితం తక్కువైతే సోమవారం దాకా ఆ కొండ మీద చలిలో కూర్చోవాలి.