గొడవలు సర్దుకోవడం: అందరికీ పాఠమా, కొందరికి మధ్యవర్తిత్వమా?

చిన్న తరగతుల పిల్లలకు తగువులు తీర్చుకోవడం నేర్పడానికి బడుల్లో ఎక్కువగా వాడే దారులు రెండు: తరగతి మొత్తానికీ పాఠంలా చెప్పడం, లేదా కొందరికి శిక్షణనిచ్చి తోటివాళ్ల గొడవల్లో మధ్యవర్తులుగా కూర్చోబెట్టడం.

పాఠం ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "నా పెన్సిల్ అడక్కుండా తీసుకుంటే నాకు కోపమొస్తుంది" అనడం అలవాటు చేస్తారు. అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ గోర్డన్ 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చిక్కేమిటంటే, తరగతిలో చిలకలా అప్పజెప్పిన మాట ఆటస్థలంలో ఒళ్లు మండినప్పుడు గుర్తుకు రాదు.

మధ్యవర్తిత్వంలో అభ్యాసం నిజమైన గొడవతోనే. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి, విన్నది తిరిగి చెప్పాలి, పరిష్కారం ఇద్దరూ కలిసి వెతుక్కోవాలి. మధ్యవర్తి మాత్రం తీర్పు చెప్పకూడదు (పెద్దవాళ్లకే చేతకాని పని!). అందుకే నాలుగైదు తరగతులకు ముందు ఇది అంతగా కుదరదు. పైగా ఆ అవకాశం దక్కేది కొందరికే. ఒకడు ఇంకొకణ్ని రోజూ ఏడిపిస్తుంటే ఇది అసలు పనికిరాదు. అక్కడ బలాలు సమానం కావు, టీచరే కలగజేసుకోవాలి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు పాఠానికే, అదీ పిల్లల చేత గొడవను నటింపజేసి సాధన చేయిస్తేనే.