శ్రీశైలం నుంచి హార్స్‌లీ హిల్స్ దాకా: ఏ టైరు ఎన్నాళ్లు గుండ్రంగా ఉంటుంది?

బైకు టైరు కొనేటప్పుడు అందరం అడిగేది ఒక్కటే: "ఎన్ని కిలోమీటర్లొస్తుంది?" షాపతను నోటికొచ్చిన అంకె చెప్తాడు, మనం తలూపి డబ్బులిస్తాం. దూరాలు తిరిగేవాళ్లకు ఆ అంకెతో పెద్దగా పనిలేదు. గ్రిప్పు అరిగి గుండు అయ్యేదాకా టైరు పనికొస్తుందన్న లెక్క ఊళ్లో తిరిగే బండికి సరే. ఘాట్ రోడ్లెక్కే బండికి అంతకు చాలా ముందే టైరు కథ అయిపోతుంది. హైవే మీద గంటల తరబడి తిన్నగా పోతుంటే అరిగేది నడిమి భాగమే, పక్కలు కొత్తగానే ఉంటాయి. గుండ్రంగా ఉండాల్సిన టైరు నడుమ చదునై, రెండు వైపులా అంచు తేలుతుంది. అలాంటి టైరుతో మలుపు తిరిగితే బండి ముందు వాలనని మొరాయిస్తుంది, ఆ అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. స్క్వేర్ అయిందంటారే, అదే ఇది. ఎంత ఆలస్యంగా స్క్వేర్ అవుతుందో చూసే నేను టైరు ఎంచుకుంటాను.

ఇది తేల్చుకోవాలంటే మేం వెళ్లొచ్చిన రూటు లాంటిది ఇంకోటి లేదు. హైదరాబాద్, శ్రీశైలం, దోర్నాల, ఆత్మకూరు, నంద్యాల, గండికోట, పులివెందుల, కదిరి, హార్స్‌లీ హిల్స్, మళ్లీ అనంతపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఇంటికి. తడి ఘాట్ ఉంది, అడవి రోడ్డు ఉంది, నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్డు ఉంది, చివర్లో అంతూపొంతూ లేని నాలుగు వరసల హైవే ఉంది. వానాకాలం ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గకముందే బయల్దేరాం. నాది డామినార్ 400. బావది ఇంటర్‌సెప్టర్ 650, స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ఆఫీసు మిత్రుడిది కేటీఎం 390 డ్యూక్. దానికి ట్రాక్ మీద తిరిగేవాళ్లు ఇష్టపడే మెత్తటి స్పోర్ట్ టైర్లు వేయించుకున్నాడు.

డామినార్‌కు ముందు 110/70, వెనక 150/60, రెండూ 17 అంగుళాలు. 390 డ్యూక్‌కూ అవే సైజులు కాబట్టి మార్కెట్లో ఎంపికకు కొదవలేదు. మనదేశంలో తయారయ్యేవాటిలో అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రోటార్క్ ఎక్స్‌ట్రీమ్ ఉన్నాయి. బండితోపాటు వచ్చే ఎమ్మారెఫ్ రేడియల్ (లోపలి దారపు పొరలు అడ్డంగా పోయే రకం టైరు) కూడా తీసిపారేసేదేం కాదు. విదేశీ రకాల్లో మిషెలిన్ రోడ్ 5, మెట్జలర్, పిరెల్లి. విదేశీ జత ధర ఇంచుమించు రెట్టింపు పలుకుతుంది. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక అవి అడిగిన వెంటనే దొరకడమూ కష్టమైంది. దొరికినా ఎప్పటి సరుకో చూసుకోవాలి. టైరు పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. రెండేళ్లు దాటిన టైరును కొత్తదంటూ పూర్తి ధరకు అంటగడితే నేనైతే తీసుకోను.

ఆ పక్కగోడ మీదే సైజు తర్వాత 66హెచ్ అనో, 66డబ్ల్యూ అనో ఉంటుంది. 66 అంటే ఆ టైరు 300 కిలోల బరువు మోస్తుందని. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం, డబ్ల్యూ అంటే 270. మన రోడ్ల మీద ఆ అక్షరం కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ. వెనక మనిషిని, రెండు సంచుల సామాను వేసుకుని తిరిగేవాళ్లు అంకె చూసుకోవాలి, అక్షరం కాదు.

నేను వేయించింది రోడ్ 5. దాని నడుమ ఒక రకం రబ్బరు, పక్కలకు ఇంకాస్త మెత్తటి రబ్బరు ఉంటాయి. తిన్నటి రోడ్డు మీద అరుగుదల తగ్గాలి, వాలినప్పుడు పట్టు దొరకాలి, దూరప్రయాణాల టైరుకు కావాల్సినవి ఈ రెండే. దాని సన్నటి గాట్లు పైకి ఇరుకుగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. అందుకే టైరు అరిగినా నీళ్లు పోయే దారి పూడిపోదు. 5,000 కిలోమీటర్లు తిరిగిన రోడ్ 5 తడి మీద దాని ముందు రకమైన పైలట్ రోడ్ 4 కొత్తదంత బాగా ఆగుతుందని కంపెనీ చెప్పుకుంది. కంపెనీల మాటలను కాస్త తగ్గించుకుని వినాలి గానీ, ఆ గాట్ల సంగతి మాత్రం కళ్లతో చూడొచ్చు.

టైరు మార్చాక మొదటి 150 కిలోమీటర్లు బండిని గట్టిగా వాల్చకూడదు, గట్టిగా బ్రేకు వేయకూడదు. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది. హైదరాబాద్‌లో బయల్దేరి కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరేసరికి ఆ దూరం దాదాపు పూర్తవుతుంది, రోడ్డు కూడా చాలావరకు తిన్నగానే పోతుంది. అసలు మలుపులు ఆ తర్వాతే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, పులుల అభయారణ్యం కదా. ఆలస్యంగా బయల్దేరి గేటు ముందు టెన్షన్ పడేకంటే తెల్లారి పోవడం మేలు.

దోమలపెంట దాటాక డ్యామ్ కనపడే దగ్గర నుంచి కృష్ణ మీది వంతెన దాకా దిగుడు, మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కుడు. గేట్లెత్తారంటే ఇక్కడ కార్లు రోడ్డుకు రెండు వైపులా ఆపి ఉంటాయి, ఫొటోలు దిగేవాళ్లు మలుపు మధ్యలో నిలబడతారు. పైనుంచి సన్నటి తుంపర. ఇక్కడ డ్యూక్ మీది మెత్తటి టైర్లదే పైచేయి, నిజం ఒప్పుకోవాలి. మిత్రుడు ఎలాంటి తడబాటూ లేకుండా మలుపు మీద మలుపు దిగిపోయాడు. నా టైరూ జారలేదు, కానీ మొదటి రెండు మలుపుల్లో చల్లగా, బిగుసుకుని ఉన్నట్టనిపించింది. బావ మాత్రం పాత టైర్ల మీద ఉన్నాడు, నడుమ అప్పటికే చదునైంది. ఎదురుగా బస్సు వస్తే బండి లోపలికి తిప్పడానికి హ్యాండిల్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చింది. సత్రానికి చేరాక చేతులు నొప్పులని రుద్దుకున్నాడు.

శ్రీశైలంలో ఉండటానికి కులసత్రాలు, దేవస్థానం గదులు, టూరిజం వాళ్ల హరిత హోటల్, అన్నీ ఉన్నాయి. బైకులతో వెళ్లేవాళ్లకు నా ఓటు ప్రహరీ ఉన్న సత్రానికే. రాత్రి గేటు వేస్తారు, బండి మీద సామాను సగం వదిలేసినా ఫర్వాలేదు. గది సాదాసీదా, భోజనం వేళకు దొరుకుతుంది. శివరాత్రి రోజుల్లోనూ కార్తీక సోమవారాల్లోనూ మాత్రం బైకు పెట్టడానికి కూడా చోటుండదు.

దోర్నాల నుంచి రోళ్లపెంట, బైర్లూటి మీదుగా ఆత్మకూరు పోయే నల్లమల రోడ్డు ఈ ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన భాగం. టైరు సంగతి మర్చిపోయి నడిపింది ఇక్కడే, కాబట్టి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నంద్యాలలో ఉగ్గాని బజ్జి తినకుండా ముందుకు కదలొద్దు.

అక్కడి నుంచి జమ్మలమడుగు వైపు వచ్చేకొద్దీ రోడ్డు తీరు మారుతుంది. నాపరాళ్లు, సిమెంటు లారీలు. రోడ్డు అంచున పలుచటి రాతిముక్కలు బ్లేడుల్లా పడి ఉంటాయి. పెద్ద బండికి దారిస్తూ అంచు దిగితే వాటి మీదకే దిగుతాం. ఇక్కడ గాలి ఎక్కువ కొట్టించుకుంటే టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, తక్కువైతే రిమ్ముకు దెబ్బ. చెయిన్ దగ్గరి స్టిక్కర్ మీద ఒక్కరికెంత, ఇద్దరికెంత అని కంపెనీ రాసే ఉంటుంది. పొద్దున్నే చల్లటి టైరుకు అంతే పట్టించాలి. పరుగెత్తి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి తగ్గించారంటే మర్నాటికి తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు వేడెక్కి రెండు పక్కలా అరుగుతుంది. ఎంత ఖరీదు టైరైనా దాని ఆయుష్షు ఇలాగే పోతుంది.

గండికోటలో హరిత హోటల్ ఒకటి, ఇంకా గుడారాలు వేసిచ్చేవాళ్లు చాలామంది. పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలంటే గుడారమే దగ్గర అనుకుని ఒకచోట దిగాం. లోయ చూడటానికి రెండు కళ్లూ చాలవు, దానికి తిరుగులేదు. బండ్లకు మాత్రం మంచి చోటు కాదు. పార్కింగ్ పేరుతో చూపించింది కంపచెట్లు కొట్టి చదును చేసిన నేల. పొద్దున లేచేసరికి బావ వెనక చక్రం నేలకు అంటుకుపోయి ఉంది.

జమ్మలమడుగు నుంచి వచ్చిన కుర్రాడు చక్రం విప్పి, టైరు అంచులో లీవర్లు దూర్చి ట్యూబు లాగాడు. నీళ్ల బకెట్లో ముంచగానే బుడగలు రెండు చోట్ల లేచాయి. టైరు లోపల చేత్తో మెల్లగా తడిమి తుమ్మముల్లు ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు, అగ్గిపుల్లంత కూడా లేదు. "ముల్లు ఒకటే అన్నా, రెండో బొక్క రాత్రి గాలి లేకుండా బండి జరిపినప్పుడు పడుండాది" అన్నాడు. నిజమే, ఎవరిదో కారు తీయాలని నిర్వాహకులు అర్ధరాత్రి బండిని పక్కకు తోసేశారు. చక్రం మళ్లీ బిగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ట్యూబులేని టైరైతే అదే ముల్లు బొక్కలో రబ్బరు స్ట్రిప్ దూర్చి గాలి కొట్టి పది నిమిషాల్లో కదిలేవాళ్లం. ఇంటర్‌సెప్టర్‌కు 2023లో అలాయ్ చక్రాల రకం వచ్చింది, ట్యూబుల్లేని టైర్లతో. దూరాలు తిరగాలనుకునేవాళ్లు స్పోకుల అందం చూసి మోసపోకుండా అది కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. బావకు ఇది చెప్తే, "నా బండి అందం నీకెందుకు" అన్నాడు.

పులివెందుల, కదిరి దాకా రోడ్డు బాగుంది. మదనపల్లె వైపు తిరిగాక టమాటా లారీలు. కిందపడి నలిగిన టమాటాల మీద బైకు ఎలా జారుతుందో చెప్పక్కర్లేదు, ఎంత గొప్ప టైరైనా అక్కడ నెమ్మదిగా పోవాల్సిందే. హార్స్‌లీ హిల్స్‌ను స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఎత్తు 1,200 మీటర్ల పైనే. ఎక్కే రోడ్డు ఇరుకు, మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, కానీ రోడ్డు పొడిగా ఉండటంతో నా టైర్లు ఎండకు వేడెక్కి బాగా పట్టాయి. శ్రీశైలం దగ్గర డ్యూక్‌కు ఉన్న పైచేయి ఇక్కడ కనపడలేదు. ఇద్దరం ఒకేలా ఎక్కాం.

పైన టూరిజం రిసార్టులో వారాంతాలు బెంగళూరు జనంతో నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగిన ప్రైవేటు బసలో గది శుభ్రంగానే ఉంది. బండ్లు మాత్రం ఏటవాలు గడ్డి మీద పెట్టమన్నారు. సైడ్ స్టాండ్ కింద పలకరాయి పెట్టి రాత్రంతా కిటికీలోంచి చూసుకుంటూ పడుకున్నాం. వేడినీళ్లకు బకెట్ లెక్కన డబ్బులు. ఇంకోసారి అక్కడికి వెళ్లను.

తిరుగు ప్రయాణంలో అనంతపురం దాటాక అసలు పరీక్ష మొదలైంది. గుత్తి, డోన్, కర్నూలు, జడ్చర్ల, మలుపే లేని రోడ్డు, మండే ఎండ. జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర బైకులకు డబ్బు కట్టనక్కర్లేదు, పక్క సందులోంచి ఆగకుండా పోతుంటాం. అలా ఆగని కొద్దీ టైరు వేడెక్కుతుంది, నడుమ అరుగుతుంది. ఇంటికొచ్చాక గ్రిప్పు లోతు కొలిచే చిన్న సాధనంతో ముగ్గురి టైర్లూ చూశాం. డ్యూక్ వెనక టైరు నడుమ, ఇక మార్చాలని చెప్పే గుర్తుగీత దగ్గరికి దిగిపోయింది. చట్టం ప్రకారం బైకుకు 0.8 మిల్లీమీటర్లు మిగిలితే చాలు. కానీ ఆ టైరు చట్టానికి పనికొచ్చినా మళ్లీ ఘాట్ ఎక్కడానికి పనికిరాదు. మా వాడు బయల్దేరినప్పుడు అది దాదాపు కొత్తదే. నా వెనక టైరు నడుమ, పక్క మధ్య తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. ముందు టైరు చెక్కుచెదరలేదు. మామూలుగా వెనకది రెండు మార్చేలోపు ముందుది ఒకటి సరిపోతుంది.

ఇంతకీ ఏది కొనాలి? నెలకోసారి వికారాబాద్ దాకా పోయొచ్చే బండికి దేశీ రేడియల్ చాలు, రెట్టింపు డబ్బుకు రెట్టింపు ఆయుష్షు రాదు. ఏడాదికి రెండుమూడు పెద్ద ప్రయాణాలు చేస్తూ, అందులో వాన ఘాట్లు కూడా ఉంటే నా రోడ్ 5 లాంటి స్పోర్ట్ టూరింగ్ (పట్టూ, దూరప్రయాణాల మన్నికా రెండూ చూసుకుని చేసిన రకం) జత వేయించుకోండి. మెత్తటి స్పోర్ట్ టైర్లు మాత్రం 44వ రహదారి మీద కరగబెట్టుకోవడానికి కొనకండి. మా మిత్రుడు ఈసారి వెనక ఒక్కదానికే గట్టి రకం వేయిస్తానంటున్నాడు. ముందు ఒక తీరు, వెనక ఒక తీరు వద్దని షాపులో చెప్పారు, నేనూ చెప్పాను. బావ కొత్త టైర్లు వేయించాడు, మళ్లీ స్పోకుల చక్రాలకే. ట్యూబు ఒకటి అదనంగా కొని సామాన్ల సంచిలో పడేసుకున్నాడు.