బెంగళూరు ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 2: మొక్కలే కాదు, కట్టిన పద్ధతి కూడా చూడండి

అనంతపురం, హిందూపురం, కదిరి, పుట్టపర్తి వైపు వాళ్లకు విమానం ఎక్కాలంటే బెంగళూరే దిక్కు. 44వ నంబరు హైవే పట్టుకుని బాగేపల్లి, చిక్‌బళ్లాపూర్ దాటి దేవనహళ్లి చేరితే చాలు, ఊళ్లో అడుగు పెట్టకుండానే ఎయిర్‌పోర్ట్ వచ్చేస్తుంది. అనంతపురం నుంచి హైదరాబాద్ పోవాలంటే దానికి రెట్టింపు దూరం. కాబట్టి ఈ రివ్యూ ముఖ్యంగా మా వైపు వాళ్ల కోసం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లున్నారు, రాయచోటి, కదిరి నుంచి కువైట్ పనులకు వెళ్లేవాళ్లున్నారు. విదేశాలకు వెళ్లే విమానాలన్నీ 2023 సెప్టెంబర్ 12 నుంచి ఈ టెర్మినల్ 2కే మారాయి. ఇప్పుడు మనకు తగిలేది ఎక్కువగా ఇదే.

ముందే చెప్పేస్తున్నా, నాకు బాగా నచ్చింది. మన దేశంలో నేను చూసిన ఎయిర్‌పోర్టుల్లో ఇంత మనసుపెట్టి కట్టింది ఇంకోటి లేదు. అయితే ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ పెడుతున్న వేలాడే మొక్కల ఫొటోల వల్ల కాదు. మొక్కలు ఎవరైనా పెట్టొచ్చు, ఏ షాపింగ్ మాల్‌కు పోయినా ఉంటాయి. ఇక్కడ వాటి వెనక ఆలోచన ఉంది, నాకు నచ్చింది అది.

బెంగళూరులో పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి 2008 మేలో దేవనహళ్లికి మారారు. అప్పుడు కట్టిన టెర్మినల్ 1 ఐదేళ్లకే చాలక 2013లో పెంచారు, అదీ సరిపోలేదు. 2018–19లో 3 కోట్ల 30 లక్షల మంది ప్రయాణించారు. ఆ రోజుల్లో సంక్రాంతి ముందు టెర్మినల్ 1కి వెళ్లినవాళ్లకు ఆ క్యూలు గుర్తుండే ఉంటాయి, సెక్యూరిటీ దగ్గరే ప్రాణం పోయేది. 2019 డిసెంబర్‌లో రెండో రన్‌వే మొదలైంది, 2022 నవంబర్ 11న ప్రధాని ఈ టెర్మినల్ 2ను ప్రారంభించారు, 2023 జనవరి 15 నుంచి విమానాలు నడుస్తున్నాయి. మొదటి దశలోనే సుమారు 2 లక్షల 55 వేల చదరపు మీటర్ల కట్టడం, ఏడాదికి రెండున్నర కోట్ల మంది ప్రయాణికులకు సరిపోయేలా. 2024–25లో ఎయిర్‌పోర్ట్ మొత్తం మీద 4 కోట్లు దాటారు కాబట్టి ఇది కట్టకపోయి ఉంటే పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

డిజైన్ చేసింది ఎస్ఓఎం అనే అమెరికా ఆర్కిటెక్ట్ సంస్థ. వాళ్లు తీసుకున్న ఆలోచన ‘తోటలో టెర్మినల్’. చెకిన్, సెక్యూరిటీ అయిపోయాక గేట్ల దగ్గరికి వెళ్లే దారిలో మధ్యలో ఒక అడవి పట్టీ వస్తుంది, దాని మీదుగా వంతెనల లాంటి నడకదారులు వేశారు. కింద చెట్లు, నీళ్లు, వెదురు చుట్టిన మండపాలు. గంటలు గంటలు ఏసీ హాలులో కూర్చుని తల పట్టేసినవాళ్లకు అక్కడ కాసేపు నిలబడితే నిజంగా ఊరటగా ఉంటుంది. మా అమ్మ అయితే అక్కడే కూర్చుంటానని పట్టుబట్టింది, గేటు దగ్గరికి తీసుకెళ్లడానికి బతిమాలాల్సి వచ్చింది.

ఇప్పుడు వెదురు సంగతి. తల ఎత్తి చూడండి, దయచేసి ఒక్క ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చూడండి. పైకప్పు కింద మొత్తం వెదురు బద్దలే. వేలకొద్దీ బద్దలు అడ్డంగా నిలువుగా జాలీ అల్లినట్టు ఒకదాని మీద ఒకటి పరిచారు. పైన అద్దాల కిటికీల నుంచి దిగే ఎండ ఆ సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు మెత్తగా కింద గ్రానైట్ మీద పడుతుంది. కళ్లకు గుచ్చుకోదు, వేడి తెలియదు. మా పాత మిద్దె ఇళ్లల్లో గవాచి నుంచి వెలుతురు దిగేది చూడండి, పగలంతా దీపం అవసరం ఉండేది కాదు, అదే పద్ధతి ఇక్కడ ఇంత పెద్ద కట్టడంలో చేసి చూపించారు. పగటి పూట ఆ వెలుతురు చాలు. అంత పెద్ద హాలులో పగలంతా లైట్లు వేయక్కర్లేదంటే ఎంత కరెంటు మిగులుతుందో ఆలోచించండి.

ఇది మన గుడిసెల మీద వేసే పచ్చి వెదురు కాదు. బద్దలుగా చీల్చి, శుద్ధి చేసి, జిగురుతో అతికించి, నిప్పు తొందరగా అంటుకోకుండా తయారుచేసిన వెదురు. స్టీలు, అల్యూమినియం పలకల బదులు దీన్ని ఎందుకు వాడారో తెలిస్తే గౌరవం పెరుగుతుంది. వెదురు నిజానికి గడ్డి జాతి, మూడు నుంచి ఐదేళ్లలో కోతకు వస్తుంది, కోసినా దుబ్బు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. టేకు అయితే దశాబ్దాలు ఆగాలి. 2017లో అటవీ చట్టాన్ని సవరించి అడవి బయట పెంచే వెదురును ‘చెట్టు’ జాబితా నుంచి తీసేశారు, దాంతో రైతు తన పొలంలోది కోసుకుని అమ్ముకోవడానికి ఉన్న పెద్ద అడ్డంకి పోయింది. ఇలాంటి పెద్ద కట్టడాలు వెదురు కొనడం మొదలుపెడితే ఆ డబ్బు కొంతైనా పల్లెలకు వస్తుంది. మన దగ్గర మేదరి వాళ్లు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు, బుట్టలు, తడికలు కొనేవాళ్లు తగ్గిపోయి ఆ పని వదిలేస్తున్నారు. వాళ్ల చేతి పనికి ఇలాంటి చోట్ల చోటు దొరికితే ఎంత బాగుంటుందో అనిపించింది. కూర్చునే చోట్ల కూడా పేము అల్లిక ఉంది, గోడలకు ఎర్ర ఇటుక ఉంది. చేత్తో తాకి చూడండి, ప్లాస్టిక్ ముట్టుకున్నట్టు ఉండదు.

నీళ్ల విషయంలో మా ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. దేవనహళ్లి, చిక్‌బళ్లాపూర్ కూడా అచ్చం మా అనంతపురం లాంటివే, ఏడాదంతా పారే నది లేదు, చెరువులు, బోర్లే ఆధారం. 2024 వేసవిలో బెంగళూరులో వేల బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల వెంట పడ్డారు. అలాంటి చోట లోపల తోట, చిన్న జలపాతాలు పెట్టారంటే మొదట నాకూ కోపం వచ్చే విషయమే. కానీ పైకప్పు మీద, ఆవరణలో పడిన వాన నీటిని పట్టి నిలవ చేసుకోవడం, వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం డిజైన్‌లోనే కలిపారు. కరువు ప్రాంతంలో కట్టే ప్రతి పెద్ద కట్టడానికీ ఇది తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం.

పర్యావరణానికి మేలు చేసే కట్టడాలకు లీడ్ అనే గుర్తింపు ఇస్తారు, అందులో అన్నిటికంటే పై స్థాయి ప్లాటినం, దీనికి అది ముందే వచ్చింది. 2023లో లోపలి అలంకరణకు ప్రి వెర్సాయ్ అనే అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ పోటీలో ప్రత్యేక బహుమతి కూడా వచ్చింది. సంతోషమే. కానీ ఒక మాట అర్థం చేసుకోవాలి. విమానాలు మొదలవకముందే వచ్చిన ఆ గుర్తింపు డిజైన్‌ను చూసి ఇచ్చే ముందస్తు గుర్తింపు. నడిచే కట్టడం ఏడాదికి ఎంత కరెంటు తాగింది, ఎన్ని నీళ్లు తాగింది అనేది వేరే లెక్క. ఆ లెక్క సామాన్యుడికి కనబడేలా లోపలే ఒక బోర్డు మీద పెడితే బాగుంటుంది, బహుమతుల పక్కనే పెట్టొచ్చు.

ఇంకో విషయం, పచ్చదనం అంటూనే ఇంత పెద్ద కట్టడంలో ఎంత సిమెంటు, ఎంత ఇనుము పోశారో మరిచిపోకూడదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం దాకా ఒక్క సిమెంటు తయారీదే. అందుకే ఉన్నదాన్ని పడగొట్టకుండా పెంచుకోవడం కూడా పర్యావరణానికి చేసే మేలే. ఈ విషయంలో మన శంషాబాద్‌ను మెచ్చుకోవాలి. అదీ 2008లోనే, మార్చిలో మొదలైంది, అప్పుడే దాని టెర్మినల్‌కు లీడ్ సిల్వర్ వచ్చింది. తర్వాత ఉన్న టెర్మినల్‌నే రెండు పక్కలా పొడిగించి కోటీ 20 లక్షల సామర్థ్యాన్ని 3 కోట్ల 40 లక్షలకు తెచ్చారు, అదీ రోజూ విమానాలు నడుస్తుండగానే. బెంగళూరు అంత అందంగా లేదు, ఒప్పుకుంటా. భోగాపురం లాంటి కొత్త ఎయిర్‌పోర్టులు కట్టేవాళ్లు ఈ రెండింటినీ చూసి నేర్చుకోవాలి.

ఇక నచ్చనివి. నడక చాలా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గేటు చేరేసరికి ఆయాసం వస్తుంది. మేము వెళ్లినప్పుడు ఒక విమాన సంస్థ వాళ్లకు వీల్‌చైర్ ముందే చెప్పినా అది వచ్చేసరికి అరగంట పైనే పట్టింది, అంతసేపు అమ్మ నిలబడే ఉంది, కౌంటర్‌లో కుర్చీ కూడా చూపించలేదు. తిండి రేట్లు మామూలు మనిషి భరించేలా లేవు. ఒక స్టాల్‌లో ఉప్మా ఒక్కసారి వాడి పారేసే డబ్బాలో ఇచ్చారు, దానికో మూత, చెంచా, మళ్లీ ఒక సంచి. కట్టడం అంత జాగ్రత్తగా కట్టిన చోట ఇది చూస్తే బాధేసింది. స్టీలు ప్లేట్లలో పెట్టడానికి ఏం అడ్డం?

అన్నిటికంటే పెద్ద లోటు చేరుకోవడం. బెంగళూరు ఊళ్లోంచి వచ్చేవాళ్లకు వాయువజ్ర బస్సులున్నాయి, మంచి బస్సులు. మెట్రో ఇంకా కడుతున్నారు. మన వైపు నుంచి వచ్చే చాలా బస్సులు మాత్రం హైవే మీదే దించేసి పోతాయి, అక్కణ్ణుంచి సూట్‌కేసులతో క్యాబ్ వెతుక్కోవాలి. ఆ టెన్షన్ ఎందుకని ప్రతి ఇంటివాళ్లూ ఒక్క మనిషిని దించడానికి ఊరి నుంచి కారు కట్టించుకుని రానూ పోనూ తిరుగుతున్నారు. లోపల పగటి వెలుతురుతో ఎంత కరెంటు మిగిల్చినా బయట ఇంత డీజిల్ కాలుతుంటే ఏం లాభం? అనంతపురం, హిందూపురం నుంచి టెర్మినల్ గుమ్మం దాకా వచ్చే బస్సులు ఎక్కువ వేయాలి, రాత్రి వేళల్లో ముఖ్యంగా, ఎందుకంటే విదేశీ విమానాలు ఎక్కువగా ఆ టైంలోనే ఉంటాయి. రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. దేశంలోపల విమానం అయితే టెర్మినల్ 1నా 2నా అని టికెట్ మీద తప్పకుండా చూసుకోండి, రెండూ వేరువేరు కట్టడాలు. దేశీయ ప్రయాణానికి డిజియాత్ర ఉంది, 2022 డిసెంబర్ 1న మొదలైన మొదటి మూడు ఎయిర్‌పోర్టుల్లో బెంగళూరు ఒకటి, ముఖం చూపించి లోపలికి పోవచ్చు, కానీ అది తప్పనిసరి కాదు, ఇష్టం లేకపోతే మామూలు క్యూలో ఐడీ చూపించి వెళ్లొచ్చు. పెద్దవాళ్లకు వీల్‌చైర్ టికెట్‌తో పాటే రాయించండి, ముందు రోజు ఫోన్ చేసి మళ్లీ గుర్తుచేయండి. ఇంట్లో చేసిన చపాతీలో పులిహోరో కట్టుకుపోండి, ఖాళీ సీసా ఉంటే లోపల తాగునీళ్లు పట్టుకోవచ్చు. వీలైతే పగటి ఫ్లైట్ చూసుకోండి, అరగంట ముందుగా వెళ్లి ఆ అడవి పట్టీ మీది దారిలో నిదానంగా నడవండి.