నాలుగేండ్ల వాడకం తర్వాత ఫ్రెంచ్ ప్రెస్

నల్గొండలో ఏ గల్లీ మలుపు తిరిగినా చాయ్ దొరుకుతుంది గాని, గట్టి కాఫీ కావాలంటే ఇంట్లో చేసుకోవలసిందే. అందుకే నాలుగేండ్ల కిందట 600 మిల్లీలీటర్ల గాజు ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి, కడ్డీకి బిగించిన జాలీతో మడ్డిని అడుగుకు నొక్కే కాఫీ పాత్ర) కొని, అప్పటినుంచి దాదాపు రోజూ వాడుతున్నాను.

మొదటి నెల దాన్ని అటక మీద పెట్టేద్దామనుకున్నాను. ఫిల్టర్ కోసం తెచ్చిన, చికోరీ కలిసిన మెత్తటి పొడినే ఇందులోనూ వేయడంతో జాలీ పూడుకుపోయి కడ్డీ దిగలేదు; బలంగా నొక్కేసరికి వేడినీళ్లు ఎగజిమ్మి మణికట్టు కాలింది. దీనికి బొంబాయి రవ్వంత బరక పొడి కావాలని తర్వాత తెలిసింది. మిక్సీలో వేస్తే గింజలు సగం పిండి, సగం పలుకులు అవుతున్నందున, చేత్తో తిప్పే గ్రైండర్ కొన్నాను. దాని ఖరీదు ప్రెస్ ఖరీదును మించింది కాబట్టి, కొనేవాళ్లు ఆ ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు 500 మిల్లీలీటర్ల నీళ్లకు 38 గ్రాముల అరకు అరబికా రకం కాఫీ పొడి వేస్తున్నాను. మరిగిన నీళ్లను దించి, అర నిమిషం ఆగి పోసి, 4 నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో కలిపి, నురుగు తీసేసి, మడ్డి అడుగుకు దిగేదాకా మరికొంత ఆగి మెల్లగా నొక్కుతాను. చిక్కదనం కోసం మొదట్లో పావుగంట నాననిచ్చేదాన్ని, కానీ పెరిగింది చేదే. పొడి పెంచినప్పుడే కాఫీ గట్టిపడింది. అయినా ఇది ఫిల్టర్ డికాషన్ అంత చిక్కగా రాదు. పాలు నాలుగో వంతు దాటితే పలచబడుతుంది.

మా బోరు నీళ్లతో చేస్తే రుచి చప్పబడి, కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టేది. పైగా ఈ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ మరిగించినంత మాత్రాన పోదు, నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. అందుకని కాఫీకి కూడా ఫిల్టర్ చేసిన తాగునీళ్లే వాడుతున్నాను. పండు పులుపును పోలిన అరకు గింజల రుచి నాకు మొదటిసారి తెలిసింది ఆ నీళ్లతోనే.

స్టీలు జాలీ, కాగితంలా కాకుండా, కాఫీ నూనెలను కప్పులోకి పోనిస్తుంది. నోటికి ఆ జిగి బాగుంటుంది గాని, వాటిలోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. మా ఆయన రక్తపరీక్ష చూశాక ఆయనకు కాగితం ఫిల్టర్‌లోనే వంపుతున్నాను. జాలీని విప్పి కడగకపోతే ఆ నూనె ముక్కిపోయి మరునాటి కాఫీకి వాసన పడుతుంది. రెండో ఏట సింకుకు తగిలి గాజు పగిలితే, అదే కొలత గాజును విడిగా తెప్పించి పాత చట్రంలోనే బిగించాను.