తుల్సాలో హెల్త్‌కేర్ డాట్ గవ్: సైట్‌కి నాలుగు స్టార్లు, కంపెనీకి ఒకటే

ఉద్యోగం మానేసి సొంతంగా కేటరింగ్ పెట్టుకున్నాక, నాకూ మా ఆవిడకీ హెల్త్ ఇన్సూరెన్స్‌కి అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నడిపే ఈ సైటే దిక్కు.

సైట్ బాగానే ఉంది. ఇంట్లో ఎంతమంది, వయసెంత, ఏడాదికి ఎంత సంపాదిస్తారనుకుంటున్నారు అని అడిగి, ప్రభుత్వం భరించే సబ్సిడీ పోగా నెలకు కట్టాల్సింది ప్రతి ప్లాన్ దగ్గరా చూపిస్తుంది. పక్కనే అసలు ధర. అది చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఆ సబ్సిడీ మీదే మా ఓక్లహోమా రాష్ట్రం కోర్టుకెళ్లింది. 'రాష్ట్రం ఏర్పాటు చేసిన' ఎక్స్ఛేంజ్‌లో, అంటే ఇన్సూరెన్స్ ప్లాన్లు అమ్మే ఇలాంటి సైట్‌లో, కొంటేనే సబ్సిడీ అని ఒబామాకేర్ చట్టంలో ఉంది, ఇది ఫెడరల్ ప్రభుత్వం నడిపేది కదా అని అప్పటి అటార్నీ జనరల్ స్కాట్ ప్రూయిట్ వాదన. 2014 సెప్టెంబర్‌లో మస్కోగీ ఫెడరల్ కోర్టులో గెలిచారు కూడా. సొంత ఎక్స్ఛేంజ్ కోసం వచ్చిన 5 కోట్ల డాలర్ల పైచిలుకు గ్రాంటును 2011లో వద్దన్నదీ రాష్ట్రమే, ఎక్స్ఛేంజ్ లేదు కాబట్టి జనానికి ఇవ్వొద్దన్నదీ రాష్ట్రమే! 2015 జూన్‌లో ఇదే వాదన మీద నడిచిన కింగ్ వర్సెస్ బర్వెల్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో సబ్సిడీని నిలబెట్టింది కాబట్టి బతికిపోయాం.

ఆదాయం తక్కువ చూపించి సబ్సిడీ ఎక్కువ లాగుదామనుకోకండి. ట్యాక్సుల్లో ఫారం 8962 దగ్గర లెక్క తేలుతుంది. 2026 నుంచి ఎక్కువ తీసుకున్నదంతా కక్కాల్సిందే, ఇంతకు మించి తిరిగి కట్టక్కర్లేదన్న పరిమితి తీసేశారు.

మేం ఎంచుకున్న కంపెనీ డాక్టర్ల జాబితా మాత్రం దండగ. అందులో పేరున్న థైరాయిడ్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, రిసెప్షన్‌లో కార్డు అటూ ఇటూ తిప్పి చూసి 'ఈ ప్లాన్ తీసుకోవడం లేదండీ' అన్నారు. కొనేముందు క్లినిక్‌కే ఫోన్ చేసి అడగండి, ప్లాన్ పేరు మొత్తం చదివి మరీ.