కాలేజీ సాకర్ ట్రైఅవుట్ ముందు మా అమ్మాయికి పనికొచ్చిన ఆడవాళ్ళ ఆదివారం లీగ్

డాలస్‌కి ఉత్తరాన ప్లేనో, రిచర్డ్‌సన్, ఫ్రిస్కో వైపు ఉంటూ, హైస్కూల్ అయిపోయిన ఆడపిల్లని ఆగస్టులో కాలేజీ సాకర్ ట్రైఅవుట్‌కి (జట్టు ఎంపిక ఆటకి) పంపబోతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఖరీదైన క్యాంపులకి డబ్బు కట్టే ముందు, ఆదివారాలు పెద్దవాళ్ళు ఆడే విమెన్స్ లీగ్‌లో ఒక టీమ్ వెతకండి. పూర్తి సైజు మైదానం, పదకొండు మంది, రిఫరీ, ఆఫ్‌సైడ్, అన్నీ ఉన్న అసలైన ఆట. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

ముందు మా పరిస్థితి. మా అమ్మాయి సెంటర్ మిడ్‌ఫీల్డ్ ఆడుతుంది. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కాలేజీలని మూడు డివిజన్లుగా విడదీసింది. అన్నిటికన్నా పైదైన డివిజన్ వన్ కాలేజీల కోచ్‌లు హైస్కూల్ రెండో ఏడాది అయ్యాక, జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. కోచ్‌ల కంట పడాల్సిన ఆ ఏడాదే తనకి మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. సర్జరీ, ఫిజియోథెరపీ, మళ్ళీ పరుగు మొదలుపెట్టేసరికి తోటి పిల్లలకి కాలేజీలు ఖాయమైపోయాయి. క్లబ్‌లో తన వయసు గ్రూపూ అయిపోయింది. ఇప్పుడు చేరబోయేది డివిజన్ త్రీ కాలేజీ. ఈ డివిజన్‌లో ఆటకంటూ స్కాలర్‌షిప్ ఎవరికీ ఇవ్వరు. పిలుపు లేకుండా వెళ్ళి ఆడి చూపించి చోటు అడిగే వాక్-ఆన్ పిల్లలకి ఇక్కడే కాస్త ఆశ. ఆటగాళ్ళకి డబ్బు చెల్లింపు గురించి ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025లో కోర్టు ఒప్పుకున్న రాజీ (హౌస్ సెటిల్‌మెంట్) తర్వాత, అందులో చేరిన డివిజన్ వన్ కాలేజీలు సాకర్ జట్టులో 28 మందికి మించి ఉంచుకోకూడదు. అంటే చివరి వరుసలో వాక్-ఆన్‌లకి దొరికే చోట్లకే ముందు కోత పడుతుంది. పెద్ద పేరున్న యూనివర్సిటీ మీద ఆశ పెట్టుకున్న పిల్లలు ఈ సంగతి తెలుసుకుని బయల్దేరడం మంచిది.

టీమ్ కోసం మొదట మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనే అడిగాను. క్రికెట్ అయితే ఏ వీకెండ్ కావాలంటే ఆ వీకెండ్ టీమ్ దొరుకుతుంది. సాకర్ అనగానే పార్కులో సాయంత్రం ఆడా మగా కలిసి ఆడే పికప్ ఆట ఒకటి చెప్పారు. వెళ్ళింది. అందరూ మంచివాళ్ళే, ఫీజు కూడా ఏమీ లేదు. కానీ అక్కడ డిఫెన్స్‌కి ఎవరూ వెనక్కి రారు, ఆఫ్‌సైడ్ లేదు, బంతి అందుకున్నవాడు నేరుగా గోల్ వైపు పరుగే. మా అమ్మాయి ఖాళీలోకి వెళ్ళి చెయ్యెత్తి నిలబడితే పాస్ ఇచ్చినవాళ్ళు తక్కువ. కాళ్ళు కదలడానికి పనికొస్తుంది, మిడ్‌ఫీల్డర్ నేర్చుకోవాల్సింది అక్కడ దొరకదు.

తర్వాత ఇండోర్. ఏసీ ఉంటుంది, టెక్సస్ జూలైలో అది చిన్న విషయం కాదు. చిన్న చోట బంతిని మొదటి టచ్‌లోనే అదుపు చేసుకోవడానికి నిజంగా మంచిది. అయితే గోడకి కొట్టి మళ్ళీ అందుకోవడం అలవాటైతే బయట మైదానంలో ఆ గోడ ఉండదు కదా. నలభై గజాల పాస్ కొట్టే అవసరమే రాదు. పైగా మోకాలి సర్జరీ అయిన పిల్ల. పాతబడ్డ టర్ఫ్ మీద అడుగు ఇరుక్కుని నడుము మాత్రం తిరిగితే ఏమవుతుందో తెలిసిన తల్లిగా నేను అక్కడ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. వారం మధ్యలో అప్పుడప్పుడైతే సరే, దాన్నే నమ్ముకుని ట్రైఅవుట్‌కి వెళ్ళకూడదు.

ఇక ఆదివారం లీగ్. టెక్సస్‌కి సాకర్ సంఘాలు రెండు, ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి. మాది నార్త్ టెక్సస్ స్టేట్ సాకర్ అసోసియేషన్ కిందికి వస్తుంది. హ్యూస్టన్, ఆస్టిన్ వాళ్ళు దక్షిణం వైపు చూసుకోవాలి. సంఘానికి అనుబంధంగా ఉన్న పెద్దవాళ్ళ లీగ్ అయితే రిజిస్ట్రేషన్, రిఫరీలు, ప్లేయర్ కార్డు పద్ధతిగా ఉంటాయి. మేము లీగ్ వాళ్ళకి మెయిల్ పెట్టి, టీమ్ లేని ప్లేయర్‌గా పేరు ఇచ్చాం. ఓ కెప్టెన్ ఫోన్ చేసి మా అమ్మాయితోనే మాట్లాడింది. ఏ పొజిషన్, ఎప్పుడు సర్జరీ అయింది, డాక్టర్ పూర్తిగా ఆడమన్నారా, ట్రైఅవుట్ ఎప్పుడు, ఇవే అడిగింది. ఎన్ని గోల్స్ కొట్టావని అడగలేదు. నాకు ఆవిడ మీద అప్పుడే గురి కుదిరింది.

టీమ్‌లో ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. నర్సు, టీచరు, అకౌంటెంటు, ఇద్దరు పిల్లల్ని గీత పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి ఆడే ఓ తల్లి. వీళ్ళలో చాలామంది ఒకప్పుడు కాలేజీ జట్లకి ఆడినవాళ్ళు. చదువుల్లో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాక అమెరికా కాలేజీల్లో ఆడపిల్లల సాకర్ ఎంత పెరిగిందంటే, టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇవాళ అమ్మాయిలకి వర్సిటీ (కాలేజీ అధికారిక) జట్టు ఉంది, అబ్బాయిలకి లేదు. అలా కాలేజీల్లో ఆడి బయటికొచ్చిన తరాల వాళ్ళే ఇప్పుడు ఆదివారం పొద్దున మోకాలికి పట్టీ కట్టుకుని ఈ మైదానాలకి వస్తున్నారు. ఏ క్యాంపు కోచ్‌కీ తీసిపోని అనుభవం అది.

మొదటి మ్యాచ్‌లో మా అమ్మాయికి ఎదురుగా ఆడినావిడ జుట్టు సగం నెరిసింది. పరుగులో మా పిల్ల ముందు నిలవదు. అయినా బంతి వచ్చిన ప్రతిసారీ ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. మా అమ్మాయి అందుకునేది, తిరిగేది, తిరగగానే బంతి పోయేది. విరామంలో మా టీమ్ లెఫ్ట్ బ్యాక్ తనని పక్కకి తీసుకెళ్ళింది. నీళ్ళ సీసా తన చేతికిచ్చి, వెనక నిలబడి, "బంతి నీ దగ్గరికి వస్తున్నప్పుడు బంతినే చూస్తున్నావు. అది దారిలో ఉండగా ఓసారి కుడి భుజం మీదుగా, ఓసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడు. వెనక ఎవరున్నారో ముందే తెలిస్తే ఎటు తిరగాలో అప్పుడే తెలుస్తుంది" అని చెప్పి, తనే వేళ్ళతో అంకెలు చూపిస్తూ ఆడించింది. బంతి దొర్లిస్తారు, అందుకునేలోపు వెనక ఉన్నావిడ ఎన్ని వేళ్ళు ఎత్తిందో చెప్పాలి. రెండు, నాలుగు, ఒకటి. రెండో హాఫ్‌లో మా అమ్మాయి తల అటూ ఇటూ తిరుగుతుంటే గీత బయటి నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. బంతి అప్పుడూ పోయింది, కానీ ప్రతిసారీ కాదు.

కారులో తనే అంది, "అమ్మా, వాళ్ళు నాకన్నా నెమ్మదే. కానీ నేను ఏం చేస్తానో నాకన్నా ముందే వాళ్ళకి తెలుసు." తన వయసు పిల్లలతో ఎన్నేళ్ళు ఆడినా నోటి వెంట రాని మాట ఇది. నేను పెరిగింది సికింద్రాబాద్‌లో, అమ్ముగూడ దగ్గర. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం ఊరు అది. మా నాన్న ఆయన పేరు చెప్పకుండా ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవారు కాదు. మా వైపు కుర్రాళ్ళు ఉద్యోగాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మధ్య దూరి ఆడి ఆట నేర్చుకునేవాళ్ళు. బంతికన్నా ముందు మనిషిని చదవడం అక్కడే వంటబడుతుంది. నా కూతురికి అది టెక్సస్‌లో, తన అమ్మ వయసు ఆడవాళ్ళ దగ్గర దొరికినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

కెప్టెన్‌ని ఒక్కటి ప్రత్యేకంగా అడగండి. పెద్దవాళ్ళ లీగుల్లో మామూలుగా ఎవరు అలిసినా బయటికొచ్చి మళ్ళీ వెళ్తుంటారు. ఎన్‌సీఏఏ ఆటలో మొదటి హాఫ్‌లో బయటికొచ్చినవాళ్ళని ఆ హాఫ్‌లో మళ్ళీ లోపలికి పంపరు. కాబట్టి హాఫ్ మొత్తం మైదానంలోనే ఉండి ఊపిరి సర్దుకోవడం అలవాటవ్వాలి. మేము అడిగితే కెప్టెన్ వెంటనే ఒప్పుకుంది, "కాళ్ళు పట్టేస్తే చెప్పు, లేకపోతే నిన్ను పిలవను" అని. బీప్ మోగేలోపు అటూ ఇటూ పరిగెత్తే బీప్ టెస్ట్ కోసం ఇరవై మీటర్ల పరుగులు వారం మధ్యలో విడిగా చేస్తోంది, అది లీగ్ ఇచ్చేది కాదు.

ఇప్పుడు ఆ తగ్గిన అర. ప్రాక్టీసు ఉండదు, ఆదివారం మ్యాచ్ ఒక్కటే. సెలవుల వారాల్లో మనుషులు రారు. సాకర్ నిబంధనల ప్రకారం ఒక వైపు ఏడుగురైనా లేకపోతే ఆట మొదలుపెట్టరు. ఎదుటి టీమ్ అలా చేతులెత్తేసిన పొద్దున మేము షూ లేసులు కట్టుకుని కూర్చుని ఇంటికొచ్చాం. ట్రైఅవుట్ దగ్గర పడుతున్న పిల్లకి అలాంటి ఒక్క ఆదివారం కూడా బాధే. వేగం కోసం లీగ్‌లో పై డివిజన్ అడగాలి. అందరికన్నా కింది డివిజన్‌లో వేస్తే కాలక్షేపం ఆటే అవుతుంది. వేసవిలో పొద్దున తొలి మ్యాచ్ దొరికితే అదృష్టం, పదకొండు గంటలకి పడితే ఉప్పు కలిపిన మజ్జిగ పెద్ద ఫ్లాస్కు నిండా తీసుకెళ్ళండి. మా టీమ్ వాళ్ళు ఇప్పుడు మజ్జిగ అడిగి తాగుతున్నారు.

ఇంకాస్త పైన ఏముందంటే, 1998 నుంచి ఉన్న డబ్ల్యూపీఎస్‌ఎల్ (విమెన్స్ ప్రీమియర్ సాకర్ లీగ్), 2022లో మొదలైన యూఎస్‌ఎల్ డబ్ల్యూ లీగ్. ఇవి వేసవి లీగులు, చాలావరకు ఇప్పటికే కాలేజీ జట్లలో ఉన్న అమ్మాయిలతో నిండి ఉంటాయి. ఎంపికలు వేసవికి బాగా ముందే అయిపోతాయి. నేరుగా చోటు కష్టమే, అయినా ప్రాక్టీసుకి మాత్రం రానిస్తారా అని అడగడంలో తప్పు లేదు. మా అమ్మాయి వచ్చే ఏడాదికి ఆ ఆలోచనలో ఉంది.

కోచ్‌ల ముందు ఆడి చూపించే ఒక రోజు షోకేస్ క్యాంపుల గురించి ఎక్కువ రాయను. మేము వెళ్ళినదాంట్లో ఒక్కో పిల్లకి దొరికిన ఆట చాలా తక్కువ. ఆ ఫీజుతో మా లీగ్‌లో సీజన్ మొత్తం ఆడొచ్చు. తను చేరబోయే కాలేజీ కోచే నడిపే క్యాంపు అయితే సంగతి వేరు, దానికి తప్పకుండా పంపండి.

డబ్బు బహుమతి ఉండే టోర్నమెంట్లకి టీమ్ వాళ్ళు రమ్మంటే, కాలేజీలో ఆట నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుని అడగకుండా వెళ్ళనివ్వకండి. కాలేజీ జట్టులో చేరాక, సీజన్ నడుస్తున్నన్ని రోజులూ బయటి టీమ్‌కి ఆడకూడదు. కాబట్టి ఆగస్టులో ఈ ఆదివారాలు ఆగిపోతాయని కెప్టెన్‌కి ముందే చెప్పి ఉంచాం.

ట్రైఅవుట్ తేదీ కోచ్‌కి మెయిల్ పెట్టి మీ అమ్మాయినే అడగమనండి, మనం పెట్టకూడదు. మెడికల్ కాగితాలు మాత్రం మనం చూసుకోవచ్చు. డాక్టర్ ఫిజికల్ ఫామ్‌తో పాటు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త సమస్య) పరీక్ష ఫలితం కూడా అడుగుతారు. అమెరికాలో పుట్టిన పిల్లలకి పుట్టగానే చేసే పరీక్షల్లో ఇది ఉంటుంది, పిల్లల డాక్టర్ దగ్గర పాత రిపోర్టు ఉందేమో జూన్‌లోనే ఫోన్ చేసి అడగండి. ఇండియాలో పుట్టిన పిల్లలైతే రక్తపరీక్ష చేయించాల్సి రావచ్చు. ఆగస్టు దగ్గర పడ్డాక డాక్టర్ల దగ్గర స్కూల్ ఫిజికల్స్ రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం.